పనిచేయని అణువుల చిట్టా

పోయిన నెల ఆన్‌లైన్‌లో ఒక ఉపన్యాసం విన్నాను. మాట్లాడినావిడ రసాయన శాస్త్రవేత్త. మలేరియాకి కొత్త మందుల కోసం ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్న మనిషి. గంటసేపు బొమ్మలు గీసి, రియాక్షన్లు చూపించి, విడమరిచి చెప్పారు. చివర్లో ఒక కుర్రాడు సూటిగా అడిగేశాడు: "మేడమ్, మీరు చేసిన మందు ఏదైనా ఇప్పుడు పేషెంట్లు వాడుతున్నారా?"

"లేదు బాబూ. ఒక్కటీ లేదు" అన్నారావిడ.

కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఆ కుర్రాడు "థాంక్యూ మేడమ్" అని మైకు ఆపేసుకున్నాడు. నేను చాట్‌లో ఇంకో ప్రశ్న రాశాను: "పనిచేయని కాంపౌండ్ల వివరాలు ఎక్కడైనా చూడొచ్చా?" ఆవిడ చదివి, "కొన్ని పేపర్లలో ఉన్నాయి. మిగతావన్నీ మా పిల్లల నోట్‌బుక్కుల్లో ఉన్నాయండీ, ఒక బీరువా నిండా" అన్నారు. మా పిల్లలంటే ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేసి వెళ్లిపోయినవాళ్లు.

ఆ బీరువా అప్పట్నుంచీ నన్ను వదలడం లేదు. దాని చుట్టూ తిరిగి తిరిగి ఒక అభిప్రాయానికి వచ్చాను. మలేరియా మందుల మీద పనిచేసేవాళ్లు తమ చేతిలో పోయిన ప్రతి అణువు సంగతీ బయట పెట్టాలి. పోయిందని ఒక్క ముక్క చెప్తే చాలదు, ఎలా పోయిందో కూడా రాయాలి. తీరికుంటే చేసే మంచిపనిగా వదిలేయకుండా, దీన్ని పరిశోధనలో భాగంగానే లెక్కించాలి. ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు. నాకున్న అనుమానాలు కూడా కిందే రాస్తాను.

నా నోట్‌బుక్‌లో 43వ పేజీ

నేనూ కొన్నాళ్లు ఆ పని చేశాను. క్వినోలిన్ చట్రం ఉన్న అణువుల మీద. పాత మలేరియా మందు క్లోరోక్విన్‌లో ఉండేదీ అదే చట్రం. ఆ చట్రానికి తగిలించే తోకని మార్చి, క్లోరోక్విన్‌కి లొంగని పరాన్నజీవుల మీద కూడా పనిచేసేది చేయాలన్నది మా ఆలోచన. మాకంటే ముందు ఎంతోమందికి వచ్చిన ఆలోచనే.

43వ పేజీలో ఉన్న కాంపౌండ్ నాకు బాగా గుర్తు. ఆరు మెట్ల దారి. నాలుగో మెట్టు దగ్గర యీల్డ్ (చేతికొచ్చే దిగుబడి) రాక మూడు నెలలు నలిగాను. చివరికి శుద్ధిచేసే కాలమ్ లోంచి దిగింది, రోటావేపర్ మీద ద్రావకం అంతా పోయాక ఫ్లాస్క్ గోడలకి తెల్లటి స్ఫటికాలు అంటుకున్నాయి. శుద్ధత చూసే టీఎల్‌సీ ప్లేటు మీద ఒక్కటే చుక్క. అణువు నిర్మాణం చూపించే ఎన్ఎంఆర్‌లో ఉండాల్సిన శిఖరాలే ఉన్నాయి, లేనిపోనివి లేవు. ఆ రోజు సాయంత్రం ఆ ఫ్లాస్క్‌ని దీపం కింద పెట్టి ఎంతసేపు చూశానో.

మర్నాడు డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో వేస్తే ఇట్టే కరిగింది. పక్క ల్యాబ్‌లో పరాన్నజీవుల్ని పెంచే స్నేహితుడికి ఇచ్చాను. అతను పిపెట్‌తో ఒక బొట్టు తీసి కల్చర్ ద్రవంలో వేశాడు. బొట్టు పడ్డ చోట సున్నపు నీళ్లలా తెల్లబడింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అణువు నీళ్లలో కరగలేదు, విడిపోయి తేలుతోంది. కరగని మందు రక్తంలోకి పోదు, పరాన్నజీవి దాకా అసలే పోదు.

దాన్ని ఎలాగైనా కరిగించాలని ఎనిమిది నెలలు పట్టుబట్టాను. లవణాలు చేశాను, తోక చివర మార్ఫోలిన్ వలయం పెట్టాను, క్లోరిన్ తీసేసి చూశాను. కరిగినవి పరాన్నజీవిని చంపలేదు, చంపుతాయనుకున్నవి కరగలేదు. అప్పుడొక సదస్సులో పోస్టరు పెట్టుకుని నిలబడితే, ఒకాయన వచ్చి నా బొమ్మ వంక చూసి, "ఇది మేమూ చేశాం కదా. నీళ్లలో కరగదు. రెండేళ్ల కిందటే వదిలేశాం" అన్నాడు.

"ఎక్కడైనా రాశారా అండీ?" అని అడిగాను.

"రాయడానికేముంది? పనిచేయలేదుగా" అన్నాడు. చెడ్డగా అనలేదు. ఆయనకి అందులో వింతేమీ కనిపించలేదు, అంతే. నాకు కడుపు మండింది. అదే పనికి రెండు చోట్ల డబ్బు పోసినట్టయింది, రెండు చోట్ల మనుషుల ఏళ్లు పోయాయి. మూడోచోట ఇంకెవరో అదే నాలుగో మెట్టు దగ్గర నలుగుతూ ఉంటే కూడా మాకెవరికీ తెలిసే దారి లేదు.

ఉంగరం మీద ఊదా చుక్క

ఆ స్నేహితుడే ఒకసారి నన్ను మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టాడు. జీమ్సా రంగు పట్టించిన స్లైడ్. ఎర్ర రక్తకణం లోపల సన్నటి నీలం ఉంగరం, దాని మీద రాయి పొదిగినట్టు ఒక ఊదారంగు చుక్క. ఒక్కో కణంలో ఒక్కటి, కొన్నింట్లో రెండు. మందేమీ లేని ప్లేటు అది. తర్వాత నా కాంపౌండ్ వేసిన ప్లేటు లోంచి తీసిన స్లైడ్ పెట్టాడు. అందులో ఉంగరాలు పెరిగి పెద్దవై, లోపల గోధుమరంగు రేణువులు మెరుస్తున్నాయి. నా మందుకి వాటికి ఏమీ కాలేదని ఆ రేణువులే చెప్తున్నాయి.

ఆ రేణువుల్లోనే క్లోరోక్విన్ కథంతా ఉంది. పరాన్నజీవి మన హిమోగ్లోబిన్‌ని తింటుంది. తింటే హీమ్ మిగులుతుంది. అది దానికి విషం. దాన్ని విరగ్గొట్టే ఎంజైము తన దగ్గర లేదు కాబట్టి స్ఫటికంగా కట్టేసి ఒక మూల పెట్టుకుంటుంది. క్లోరోక్విన్ వెళ్లి ఆ స్ఫటికం కట్టకుండా అడ్డుపడుతుంది. పరాన్నజీవి తన తిండిలోంచి వచ్చిన విషానికే చస్తుంది. మందుకి లొంగని పరాన్నజీవిలో అడ్డుపడటం అనే పని మారలేదు. పరాన్నజీవి హిమోగ్లోబిన్‌ని అరిగించుకునే తిండిసంచి గోడలో ఉండే ఒక ప్రోటీన్ మారి, క్లోరోక్విన్‌ని బయటికి నెట్టేయడం నేర్చుకుంది. మేం తోక మార్చాలనుకున్నది ఆ నెట్టేసే ప్రోటీన్ పట్టుకి దొరకకూడదని.

1976లో ట్రేగర్, జెన్సెన్ అనే ఇద్దరు దారి చూపేదాకా ఫాల్సిపేరమ్ అనే మలేరియా పరాన్నజీవిని ఒంటి బయట నిలకడగా పెంచడం ఎవరి వల్లా కాలేదు. వాళ్ల పద్ధతి తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. మూత బిగించే గాజు పాత్రలో కల్చర్ ప్లేట్లు పెట్టి, పక్కనే ఒక కొవ్వొత్తి వెలిగించి, అది కొండెక్కే వేళకి మూత బిగించేసేవారు. కొవ్వొత్తి ఆక్సిజన్ని తగ్గించి కార్బన్ డయాక్సైడ్‌ని పెంచుతుంది. పరాన్నజీవికి కావలసింది ఆ గాలే. ఇంత చిన్న కిటుకుని వాళ్లు వివరంగా రాసి ప్రచురించబట్టే ప్రపంచంలో ఏ మూల ల్యాబ్ అయినా అందుకోగలిగింది. పని ఎలా చేశామో రాయడం విలువ నాకు ఇక్కడే బాగా తెలిసొచ్చింది.

రెండుసార్లు పక్కన పెట్టిన మందు

పోయిన అణువుల గురించి ఎందుకంత పట్టుదల అని అడిగేవాళ్లకి నేను చెప్పే మొదటి కథ క్లోరోక్విన్‌దే. దాన్ని 1934లో బేయర్ కంపెనీలో హాన్స్ ఆండర్సాగ్ తయారుచేశాడు. రెసోకిన్ అని పేరు పెట్టారు. మనుషులకి వాడలేనంత విషమని తేల్చి పక్కన పెట్టేశారు. బదులుగా దానికి ఒక్క మిథైల్ గుంపు అదనంగా ఉన్న సోంటోకిన్‌ని ముందుకి తీసుకెళ్లారు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1943లో ట్యూనిస్ మిత్రరాజ్యాల చేతికొచ్చినప్పుడు అక్కడి ఫ్రెంచి వైద్యుల దగ్గరున్న సోంటోకిన్ అమెరికన్లకి అందింది. వాళ్లు దాన్ని పరీక్షించి, దాని చుట్టుపక్కల అణువులన్నీ చేస్తూ పోతే అందరికంటే మెరుగ్గా నిలిచినది రెసోకినే. ఎస్ఎన్ 7618 అని దానికి నంబరిచ్చారు. అసలు బాధ ఏమిటంటే, అదే అణువు వాళ్ల జాబితాలో అంతకు ముందే 183వ నంబరుగా ఉంది. దాన్ని ఓసారి చూసి వదిలేశారు.

అంటే ఒకే అణువుని ఇద్దరు వేర్వేరుగా కొట్టేశారు. కొట్టేసినప్పుడు ఎంత మోతాదులో, ఏ జంతువుల మీద, ఎన్నింటి మీద చూశారు, ఏ లక్షణం చూసి విషమన్నారు అన్న వివరాలు అందరి ముందూ ఉంటే, ఎవరో ఒకరు "ఈ మోతాదు ఎక్కువ కదా, సగానికి తగ్గించి చూశారా?" అని అడిగి ఉండేవారు. కచ్చితంగా అడిగేవారని నేను రుజువు చేయలేను. కానీ తప్పు తీర్పు దాదాపు పదేళ్లపాటు అలాగే నిలబడిపోయింది. ఆ పదేళ్లలో జ్వరాలతో పోయినవాళ్ల లెక్క ఎవరు చెప్పగలరు?

రెండో కథ ఆర్టెమిసినిన్‌ది. ఈ మందుని కనిపెట్టినందుకు చైనా శాస్త్రవేత్త తు యూయూకి 2015లో నోబెల్ వచ్చిన సంగతి చాలామందికి తెలిసిందే కాబట్టి ఆ వివరాల్లోకి పోను. నన్ను ఆకట్టుకునేది మధ్యలో జరిగిన రెండు వైఫల్యాలు. ఆర్టెమిసినిన్ దొరికే మొక్క సారం మొదట 68 శాతం పనిచేసింది. మళ్లీ చేస్తే 12, 40 శాతం మధ్య ఊగిసలాడింది. పనికిరాదని జాబితాలోంచి కొట్టేయడానికి అదే చాలు. ఆమె మాత్రం 4వ శతాబ్దపు వైద్యుడు గె హాంగ్ రాసిన మాట దగ్గర ఆగింది. ఆకుని నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్నాడాయన. మరగబెట్టమని ఎక్కడా లేదు. వేడి తగిలితే మందు చెడిపోతోందేమో అనుకుని, తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీసింది. 1971 అక్టోబరు 4న 191వ నమూనా ఎలుకల్లోని పరాన్నజీవిని పూర్తిగా తుడిచేసింది.

రెండో వైఫల్యం గురించి తక్కువమంది మాట్లాడతారు. తర్వాత మనుషుల మీద మాత్రల రూపంలో ఇచ్చి చూస్తే ఫలితం బాగా రాలేదు. మందే పనికిరాదేమోనన్న అనుమానం వచ్చే చోటు అది. తీరా చూస్తే తప్పు మాత్రలో ఉంది. కడుపులో సరిగ్గా విడిపోవడం లేదు. అదే మందుని క్యాప్సూల్‌లో పెట్టి ఇస్తే పనిచేసింది.

ఈ కథలు నా అభిప్రాయాన్ని బలపరుస్తాయి, దాన్ని దిద్దుతాయి కూడా. "ఆ మొక్క సారం: పనిచేయలేదు" అని ఎవరైనా ఒక్క వాక్యం ప్రచురించి ఉంటే మేలు కంటే కీడే ఎక్కువ జరిగేది. ఆ దారిలోకి ఇంకెవరూ పోకుండా ఆపేసేది. "మరిగే ద్రావకంతో తీసిన సారం, ఈ మోతాదులో, ఈ ఎలుకల్లో, ఇన్ని రోజులకి ఇంత" అని రాస్తే చదివినవాడు వేడిని అనుమానించగలడు. నా 43వ పేజీ విషయంలో ఆ పెద్దమనిషి "కరగదు" అన్నాడు. ఏ ద్రవంలో, ఎంత గాఢతలో, ఏ లవణంగా చూశాడో అడిగితే ఆయనకే గుర్తు లేదు.

తొందర ఎందుకంటే

ఇప్పుడున్న మందులు చాలవా అని ఒక స్నేహితురాలు అడిగింది. ఒంట్లో మలేరియా ముదిరినప్పుడు పరాన్నజీవులు లక్ష కోట్ల దాకా ఉండొచ్చు. ఆర్టెమిసినిన్ జాతి మందు 48 గంటల ఒక చక్రంలో వాటిని పదివేల వంతు తగ్గిస్తుంది. మూడు రోజుల కోర్సు రెండు చక్రాల మీద పనిచేస్తుంది. లెక్క వేస్తే ఇంకా ఒక పదివేలు మిగిలే ఉంటాయి. వాటిని ఊడ్చేయాల్సింది తోడు మందు. ఆర్టెమిసినిన్ ఒంట్లో గంటల్లో కరిగిపోతుంది, తోడు మందు రోజుల తరబడి ఉంటుంది. ఇద్దరిలో ఒకరు నీరసించినా భారం రెండోవాళ్ల మీద పడుతుంది.

నీరసించడం మొదలై చాలా కాలమైంది. 2008, 2009 ప్రాంతంలో పడమటి కంబోడియాలో పరాన్నజీవులు రక్తంలోంచి ఆలస్యంగా పోతున్నాయని తేలింది. 2014లో కెల్చ్13 అన్న జన్యువులోని మార్పులు దానికి గుర్తని పట్టుకున్నారు. 2020లో రువాండాలో, ఆ తర్వాత ఉగాండాలో అలాంటి మార్పులే పుట్టి పాకుతున్నాయని రాశారు. క్లోరోక్విన్ విషయంలోనూ ఇదే జరిగింది. 1950ల చివర్లో ఆగ్నేయాసియాలో మొదలై, 1970ల చివరికి ఆఫ్రికా చేరింది. 2023లో ప్రపంచం మొత్తం మీద 26.3 కోట్ల కేసులు, 5.97 లక్షల మరణాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పోయినవాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికాలో అయిదేళ్లు నిండని పిల్లలు.

టీకాలు వచ్చాయి, దోమతెరలున్నాయి. రెండూ కావాలి. కానీ ఈ రాత్రి ఒళ్లు కాలిపోతున్న పిల్లకి ఈ రాత్రే పనిచేసే మందు ఉండాలి. కొత్త మందు చేతికి రావడానికి పదేళ్లు, పదిహేనేళ్లు పడుతుంది కాబట్టి పాతది పనిచేస్తున్నప్పుడే కొత్తదాని పని సాగాలి. ఆ పదిహేనేళ్లలో ఒకరు వేసిన తప్పటడుగే ఇంకొకరూ వేస్తూ పోతే ఎలా?

కరగడం అనే పాత శత్రువు

జొనాథన్ వెనర్‌స్ట్రామ్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆయన బృందం చేసిన పని నాకెంతో ఇష్టం. ఆర్టెమిసినిన్ బొమ్మ చూస్తే పంజరంలా ఉంటుంది. అందులో ప్రాణమంతా రెండు ఆక్సిజన్లు కలిసిన ఒక వంతెనలో ఉంది. పరాన్నజీవి లోపలి ఇనుము తగలగానే ఆ వంతెన విరిగి, పక్కనున్న వాటన్నింటినీ కాల్చేస్తుంది. వీళ్లు పంజరాన్ని వదిలేశారు. వంతెనని మాత్రం ఓజోనైడ్ అనే చిన్న వలయంలో పెట్టి, దానికి అడమాంటేన్ అనే బరువైన గుంపుని కాపలా పెట్టారు. మొక్క అవసరం లేదు, ఫ్లాస్క్‌లో చేసుకోవచ్చు. అలా వచ్చిన ఆర్టెరోలేన్, పైపెరాక్విన్ అనే తోడు మందుతో కలిపి 2012లో భారతదేశంలో మందుగా విడుదలైంది.

తర్వాతి తరం అణువు ఆర్టెఫెనోమెల్. ఆర్టెమిసినిన్ గంటల్లో పోతే ఇది రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది. ఒకే ఒక్క మోతాదుతో రోగం నయం చేయాలన్న కల దీని మీద పెట్టుకున్నారు. మూడు రోజులు, ఆరు మోతాదులు గుర్తుపెట్టుకుని వేయడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకి ఆ కల విలువ తెలుస్తుంది. కానీ ఫెరోక్విన్ అనే మందుతో జతగా ఇచ్చిన పరీక్షల్లో అనుకున్నంత నయం కాలేదు, ఆపేశారు. దాన్ని వెంటాడిన ఇబ్బందుల్లో ఒకటి నీళ్లలో సరిగ్గా కరగకపోవడం. పిల్లలకి ఎక్కువ పరిమాణంలో కలిపి తాగించాల్సి వచ్చేది, వాంతి చేసుకునేవాళ్లు.

చదువుతుంటే నా తెల్లబడిన బొట్టే కళ్లముందు మెదిలింది. కానీ ఒక తేడా ఉంది. ఆర్టెఫెనోమెల్ ఎలా ఆగిపోయిందో జర్నళ్లలో ఉంది, ఎవరైనా చదవొచ్చు. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో కెలీ చిబాలే బృందం 2012లో ప్రకటించిన ఎంఎంవీ048 అనే అణువు కూడా అంతే. మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లి ఆగింది. డీఎస్ఎం265 అనే ఇంకో అణువు పరీక్షలు పెరూలో జరిగినప్పుడు, కొందరిలో జ్వరం తిరగబెట్టి, ఆ పరాన్నజీవుల్లో మందు గురిపెట్టిన ఎంజైమే మారిపోయి కనిపించింది. అదీ 2018లో రాశారు. ఆ లక్ష్యం మీద పనిచేసే తర్వాతివాళ్లకి ఏ చోట పరాన్నజీవి తప్పించుకుంటుందో ముందే తెలుసు. మనుషుల దాకా వెళ్లి పడ్డ పెద్ద అణువుల సంగతి ఇలా బయటికొస్తుంది. ఆ పెద్దవాటి వెనక ఫ్లాస్క్‌లోనే పోయిన వందలూ వేలూ ఏమయ్యాయన్నదే నా ప్రశ్న.

ఎదురు మాటలు

మొదటి అభ్యంతరం పేటెంట్లది. ఇది తీసిపారేసేది కాదు. మూడో దశ పరీక్షలు నడిపి, ఏళ్ల తరబడి మందు తయారుచేసి ఇవ్వగల కంపెనీ రావాలంటే దానికి కాస్త హక్కు చూపించాలి. గెలిచే అణువు చుట్టుపక్కల ఉన్న ఓడిన అణువులన్నీ ముందే ప్రచురించేస్తే తర్వాత ఆ గెలిచినదానికి పేటెంటు రాకపోవచ్చు. 1999లో మలేరియా మందుల కోసమే పుట్టిన ఎంఎంవీ సంస్థ కూడా పేటెంట్లని పూర్తిగా వదులుకోలేదు. కాబట్టి పని నడుస్తుండగా అన్నీ తెరిచి పెట్టమనను. ఒక సిరీస్‌ని, అంటే ఒకే చట్రం మీద చేసిన అణువుల వరుసని, వదిలేశామని నిర్ణయించుకున్న ఏడాది లోపు పెట్టాలంటాను. వదిలేసినదాని మీద ఇంకా ఎవరి హక్కు కాపాడాలి?

ఇంకో మాట నన్ను నిజంగానే ఇరుకున పెట్టింది. ఇప్పుడు పేషెంట్లకి దగ్గరగా వచ్చిన కొత్త జాతి మందు గానాప్లాసైడ్. లూమెఫాంట్రిన్ అనే పాత మందుతో కలిపి చేసిన మూడో దశ పరీక్షల్లో అది నెగ్గిందని 2025లో ప్రకటించారు. అది పుట్టింది నోవార్టిస్ గోడల లోపలే, కంపెనీ సొంత కాంపౌండ్ల గుట్టలోంచి. అందరికీ తెరిచిన బీరువా లోంచి కాదు. "మరి మూసి ఉంచినవాళ్లే గెలిచారుగా" అని ఒకరు అంటే వెంటనే జవాబు దొరకలేదు. తర్వాత ఆలోచిస్తే, ఆ సిరీస్ మీద జరిగిన రసాయన పని చాలావరకు జర్నళ్లలోనే వచ్చింది. అయినా ఆ అభ్యంతరంలో బలం ఉందని ఒప్పుకుంటాను. లక్షల కాంపౌండ్ల గుట్ట, దాన్ని జల్లెడ పట్టే యంత్రాలు, ఓపికగా డబ్బు పెట్టే యాజమాన్యం తెరిచి ఉంచినంత మాత్రాన రావు.

కానీ ఆ గుట్టలున్నవాళ్లే తలుపు తీస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2010లో గ్లాక్సోస్మిత్‌క్లైన్ స్పెయిన్‌లోని ట్రెస్ కాంటోస్‌లో దాదాపు 20 లక్షల కాంపౌండ్లని పరాన్నజీవి మీద పరీక్షించి, పనిచేసినట్టు కనిపించిన 13,533 అణువుల నిర్మాణాలు అందరి ముందూ పెట్టేసింది. తర్వాత ఎంఎంవీ అలాంటి జాబితాల్లోంచి 400 అణువులు ఏరి, "మలేరియా బాక్స్" పేరుతో అడిగిన ల్యాబ్‌లకి ఉచితంగా పంపింది. ఫలితాలు ప్రచురించాలన్నదే షరతు. ఆ పెట్టె అందుకున్నవాళ్లు మలేరియా మీదే కాకుండా వేరే పరాన్నజీవుల మీద కూడా పరీక్షించి రాశారు. ఒక చిన్న ల్యాబ్‌కి అది ఎంత పెద్ద వరమో, ఒక్కో అణువునీ ఆరు మెట్లు ఎక్కి చేసుకున్నవాళ్లనడగండి.

మాథ్యూ టాడ్ సిడ్నీలో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ మలేరియా ఇంకా ముందుకెళ్లింది. పేటెంట్లు లేవు, ల్యాబ్ నోట్‌బుక్కులు జరుగుతున్న రోజే ఇంటర్నెట్‌లో ఉంటాయి, ఎవరైనా చేరొచ్చు. ఆ బృందం సాయంతోనే 2016లో సిడ్నీలో బడి పిల్లలు పైరిమెథమిన్ తయారుచేశారు, అది కూడా మొదట మలేరియా మందే. నేను ఆ నోట్‌బుక్కులు తెరిచి గంటలు గంటలు చదివాను. మామూలు పేపర్లలో ఎప్పుడూ కనపడనివి అక్కడ కనపడతాయి: కుదరని రియాక్షన్లు, పాడైన రీయేజెంట్, రెండోసారి చేస్తే వేరేగా వచ్చిన ఫలితం.

చివరిది నన్ను ఎక్కువగా వేధించేది. పనిచేయలేదన్న మాటని ఎంతవరకు నమ్మాలి? కాంపౌండ్ శుద్ధంగా లేకపోవచ్చు. డీఎంఎస్‌ఓలో నెలల తరబడి నిలవుండి చెడిపోయి ఉండొచ్చు. 3డీ7 అనే జాతి పరాన్నజీవిని చంపిన అణువు డీడీ2 అనే జాతిని చంపలేకపోవచ్చు. గెలుపుని పదిమంది మళ్లీ చేసి చూస్తారు, ఓటమిని ఎవరూ తిరగేయరు. ఇలాంటివి వేలకొద్దీ బయట పెడితే చెత్త గుట్ట అవుతుందన్నది ఒక పెద్దాయన వాదన. ఆ భయం న్యాయమే. అందుకే ఎన్ఎంఆర్ పట్టిక, శుద్ధత, ఎన్నిసార్లు చూశారు, ఏ జాతి, ఎంత గాఢత అన్నవి లేకుండా ఓటమిని ఒప్పుకోకూడదంటాను. ఇప్పుడు కంప్యూటర్ మోడళ్లతో అణువుల్ని ఊహిస్తున్నారు. వాటికి గెలిచినవే చూపిస్తే ఓడేవాటిని ఎలా గుర్తుపడతాయి? సరిగ్గా రాసిన ఓటములు వాటికీ కావాలి.

ఇదంతా రాసే ఓపిక ఎవరికుంది అన్నది మాత్రం నాకు తెగలేదు. నాతో పాటు పనిచేసిన ఒకమ్మాయి థీసిస్‌లో పనిచేయని కాంపౌండ్లకి ఒక అధ్యాయం పెట్టింది. అనుబంధంలోకి మార్చమన్నారు. మార్చింది. తర్వాత పేజీలు ఎక్కువయ్యాయని అనుబంధమే తీసేయమన్నారు. ఆ అధ్యాయం రాయడానికి ఆమెకి నాలుగు నెలలు పట్టింది. దానికి ఒక మార్కూ లేదు, ఉద్యోగానికి పోతే ఒక ముక్కా లేదు. నిధులిచ్చే సంస్థలు "పోయినవాటి చిట్టా ఎక్కడ?" అని అడగడం మొదలుపెడితే తప్ప ఇది మారదనుకుంటున్నాను. గెలిచిన పేపర్లు లెక్కపెట్టినట్టే ఇవీ లెక్కపెట్టాలి.

ఈ వారం

అటకమీదున్న నా పాత నోట్‌బుక్కులు దింపాను. మొత్తం 61 కాంపౌండ్లు. ఏ మెట్టులో ఎంత వచ్చింది, ఏ ద్రావకం, ఎన్ఎంఆర్ అంకెలు, పరాన్నజీవి మీద ఫలితం, అన్నీ ఒక పట్టికలోకి ఎక్కిస్తున్నాను. అప్పటి గైడ్‌ని ఫోన్‌లో అడిగాను. "పెట్టుకో, ఆ సిరీస్ ఎప్పుడో మూసేశాం. నా దగ్గరున్నవి కూడా పంపిస్తాను" అన్నారు. 43వ పేజీ మొదట ఎక్కించాను. ఏ ద్రవంలో ఎంత గాఢత దగ్గర తెల్లబడిందో స్నేహితుడి నోట్సులో దొరికింది.

మూడు కాంపౌండ్ల దగ్గర ఆగిపోయాను. వాటి ఎన్ఎంఆర్ కాగితాలు లేవు. "శుద్ధం" అని నా చేత్తోనే రాసి ఉంది, ఎలా తేల్చానో రాసి లేదు. ఒకటి పరాన్నజీవిని కాస్త ఆపినట్టు ఉంది, మలినం వల్లేమో తెలియదు. వాటిని వదిలేయాలా, ఉన్నది ఉన్నట్టు రాయాలా అని రెండు రోజులు ఊగాను. నిన్న రాత్రి మూడింటినీ ఎక్కించి, పక్క గడిలో "శుద్ధత నిర్ధారణ లేదు, మళ్లీ చేసి చూడాలి" అని రాశాను. ఉపన్యాసం ఇచ్చిన ఆవిడకి ఉత్తరం కూడా పంపాను, బీరువాలో మొదటి అరతో మొదలుపెట్టడానికి సాయం కావాలంటే వస్తానని.